వరద వీధికి చర్చి తరఫున సాయం ఎలా అందించాలి?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడిన నాటి నుంచీ మా సంఘంతో కలిసి ఈ పని చేస్తున్నాను. సామాన్లకు ఎప్పుడూ లోటు రాలేదు. చెడిందల్లా పంపకమే.

ముందు చర్చి హాలు తెరిచి, బెంచీలు గోడవారకు జరిపి, చాపలు పరచండి. మొదటి రోజు బియ్యం పంచకండి, పొయ్యి తడిసిన ఇంట్లో వండేదెలా? పులిహోర పొట్లాలే ఇవ్వాలి. సాంబారన్నం మధ్యాహ్నానికే పాడవుతుంది. కాచి చల్లార్చిన నీళ్లు కూడా పంపండి. నీళ్లు తీశాక ఇంటికి ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, నూనె, ఉప్పు, చింతపండు, దుప్పటి, ఆడవాళ్లకు ప్యాడ్లు. పాత బట్టలు మాత్రం సేకరించవద్దు.

ఇక అసలు పని, పేర్లు రాయడం. అందరూ తప్పు చేసేది ఇక్కడే. హుద్‌హుద్ తర్వాత మేం కూడా వ్యాన్‌ని వీధి మొదట్లో ఆపేశాం. బలమున్నవాళ్లు ముందుకు తోసుకొచ్చారు, అరగంటలో వ్యాన్ ఖాళీ. గెడ్డ (వాగు) పక్కన చివరి ఇంట్లో ఉండే ముసలమ్మ మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చేసరికి ఒక్క పొట్లం కూడా లేదు. తెచ్చుకున్న సంచి అలాగే మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి వెళ్లింది.

అందుకే విశాఖలోని జ్ఞానాపురం లాంటి పల్లపు చోట్ల వీధి చివర నుంచి, గెడ్డ వైపు నుంచి, రాయడం మొదలుపెట్టండి. లోపలికి అడుగుపెట్టే ముందు కరెంటు తీశారో లేదో లైన్‌మన్‌ని అడగండి. సాయంత్రం ఆరు తర్వాతే వెళ్లాలి, పగలు కూలికి వెళ్లినవాళ్లు దొరకరు. రేషన్ కార్డు అడగవద్దు. అద్దెకుండేవాళ్ల కార్డు ఎక్కడో ఊళ్లో ఉంటుంది. ఒక ఇంట్లో ఎన్ని కుటుంబాలు వేరువేరుగా వండుకుంటాయో అడిగి, అన్ని పేర్లు రాయండి. పెన్సిల్‌తోనే రాయాలి, వానలో సిరా అలుక్కుపోతుంది. బాలింతలు, మంచాన పడ్డవాళ్లు ఎవరెవరో ఆ వీధి ఆశా కార్యకర్తకు తెలుసు. ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి.

"అమ్మా, మీరు ఏ చర్చికి వెళ్తారు?" అని ఎవరినీ అడగకండి. కొన్ని సంఘాలు ముందు తమ విశ్వాసులకిచ్చి, మిగిలింది వీధికి పంచుతాయి. అది నాకు మనసుకు పట్టదు. నీళ్లు గుడి ఇంట్లోకీ మసీదు ఇంట్లోకీ చర్చి ఇంట్లోకీ ఒకేలా వచ్చాయి కదా. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే చేయండి. పొట్లం చేతిలో పెట్టి ఫోటోలు తీయకండి.

టోకెన్లు రాత్రే ఇంటింటికీ ఇచ్చేయండి. తెల్లారి యవ్వనస్తులు ఆ వరసలోనే గుమ్మం దగ్గరికి మోసుకెళ్లి ఇవ్వాలి. తలుపు వేసి ఉంటే పక్కింట్లో పెట్టకుండా సాయంత్రం మళ్లీ వెళ్లండి.

నాలుగో రోజు బ్లీచింగ్ పౌడర్, చీపుళ్లు పట్టుకుని వెళ్లి బురద ఎత్తండి. ఆ పేర్ల పుస్తకాన్ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పాస్టర్ గారి బీరువాలో దాచండి. డిసెంబర్ దాకా తుఫాన్ల కాలమే.