పచ్చళ్ళ సీసాకు కార్బన్ లెక్క: బెంగళూరు యూనిట్లకు

మారతహళ్ళి, కేఆర్ పురం వైపు పచ్చళ్ళు చేసి కంపెనీలకు గిఫ్టు ప్యాకులుగా అమ్మేవాళ్ళను "మీ సరుకు కార్బన్ ఫుట్‌ప్రింట్ (తయారీ వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్) ఎంత?" అని అడిగితే కంగారు పడక్కర్లేదు. ఎక్సెల్ షీటు, పన్నెండు నెలల బిల్లులు చాలు. మామిడికాయ సీజన్ నెల ఒక్కటే తీసుకుంటే అంకె తప్పుదారి పట్టిస్తుంది.

ముందు దేన్ని కొలుస్తున్నారో రాసిపెట్టండి: 500 గ్రాముల సీసా ఒకటి, యూనిట్ గేటు లోపల వాడే కరెంటు, గ్యాస్, డీజిల్ వరకే. బెస్కాం కరెంటు బిల్లులో రూపాయలు కాదు, యూనిట్లు చూడాలి. ఫిక్స్‌డ్ ఛార్జీలకు పొగ ఉండదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023-24కు ఇచ్చిన సగటు, కరెంటు యూనిట్‌కు 0.727 కిలోల కార్బన్ డయాక్సైడ్. గ్యాస్ కిలోకు సుమారు 3 కిలోలు, జనరేటర్ డీజిల్ లీటరుకు 2.68 కిలోలు.

ఏడాదికి 6,000 యూనిట్లు, 19 కిలోల సిలిండర్లు 40, డీజిల్ 200 లీటర్లు వాడారనుకోండి. 4,362, 2,280, 536 కలిపి 7,178 కిలోలు. అమ్ముడైన సీసాలు 40,000 అయితే ఒక్కోదానికి 179 గ్రాములు. నింపినవాటితో భాగిస్తే పగిలినవి, బూజుపట్టి పారేసినవి లెక్కలోంచి జారిపోతాయి. ఏడాది చివర వాడకుండా మిగిలిన సిలిండర్లను లెక్కలోంచి తీసేయాలి.

ఇది సగటే. ఆవకాయకు పొయ్యి పని దాదాపు లేదు, గోంగూర నూనెలో చాలాసేపు మగ్గాలి. గ్యాస్‌ను బరువును బట్టి పంచితే గోంగూర మంట ఆవకాయ నెత్తిన పడుతుంది. పొయ్యి వెలిగిన గంటలు రెండు వారాలు నోట్ చేసి, ఆ నిష్పత్తిలో పంచండి.

సరుకు గేటులోకి రాకముందు పడేదే అసలు బరువు: నూనె, కారం, సీసా. గుంటూరు నుంచి 600 కిలోమీటర్లకు పైగా వచ్చే లారీ గురించే అందరికీ దిగులు. నిజానికి సీసాలోని 75 గ్రాముల కారానికి లారీ వాటా కొన్ని గ్రాములే. 250 గ్రాములు తూగే ఖాళీ గాజు సీసా వాటా దానికి ఎన్నో రెట్లు. ఖాళీ సీసాను కాటా మీద పెట్టి చూడండి, గాజు ఎక్కడ తగ్గించొచ్చో అప్పుడే తెలుస్తుంది.

లేబుల్ మీద "పర్యావరణ హితం" అని ఊరికే రాయొద్దు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి మాటలకు వివరణ, ఆధారం ఉండాలి. వివరాలు క్యూఆర్ కోడ్‌లో పెట్టొచ్చు. ఇలా రాస్తే నిలబడుతుంది: "2023-24లో మా యూనిట్‌లో వాడిన కరెంటు, గ్యాస్, డీజిల్ వల్ల సీసాకు సగటున 179 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. ముడిసరుకులు, గాజు, రవాణా ఇందులో లేవు." రెండో వాక్యం ఎగరగొడితే మొదటిదీ అబద్ధమే.

గ్రిడ్ అంకె, అంటే కరెంటు యూనిట్‌కు పడే కార్బన్ డయాక్సైడ్, ఏటా మారుతుంది. తగ్గింపు చూపేటప్పుడు పాత అంకెతోనూ ఒకసారి లెక్కకట్టి, మీరు తగ్గించింది ఎంతో, గ్రిడ్ తగ్గించింది ఎంతో వేరుగా రాయండి.