గుజ్జనగూళ్ళ ఆటలో కృతజ్ఞతా పాఠం

మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలకు కృతజ్ఞత అలవడాలంటే, ఎవరు ఏమిచ్చినా "థాంక్యూ చెప్పు" అని వెంటపడటం కంటే, తమ చేతికి అందినదాని వెనుక ఎవరెవరి కష్టం ఉందో వారికి ఆటలోనే తెలిసేలా చేయడం మేలు. అందుకు మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న గుజ్జనగూళ్ళ ఆటను, అంటే పిల్లలు బొమ్మ గిన్నెలతో ఉత్తుత్తి వంట చేసి వడ్డించే ఆటను, మించినది లేదని నా నమ్మకం. ఏటికొప్పాక లక్కపిడతలు ఉంటే సరే, లేకపోతే కొబ్బరి చిప్పలు చాలు.

ముందుగా గుప్పెడు వడ్లు సంపాదించండి. బిడ్డ అరచేతిలో పది గింజలు పోసి, గోటితో పొట్టు ఒలవమనండి. ఒక గింజ జారిపోతుంది, ఇంకొకటి విరిగిపోతుంది, ఎంతోసేపటికి గాని బియ్యపు గింజ బయటపడదు. పదీ ఒలిచాక వాటిని పిడతలో వేసి, "ఇవి నీకు ఒక్క ముద్దకైనా సరిపోతాయా?" అని అడిగి ఊరుకోండి, జవాబు బిడ్డే వెతుక్కోవాలి. గింజలను ముక్కులోనో చెవిలోనో పెట్టుకునే వయసు కాబట్టి పక్కనే కూర్చోవడం తప్పనిసరి.

తర్వాత వేషాలు పంచండి. ఒకరు రైతు, ఒకరు నాట్లు వేసే కూలీ, ఒకరు మిల్లు నడిపేవారు, ఒకరు కిరాణా కొట్టువారు, ఒకరు వంట చేసేవారు. నాట్లు వేసే బిడ్డ నిజంగానే నడుము వంచి, వెనక్కి అడుగులు వేస్తూ నాటాలి. వానాకాలంలో నాటిన వరి కోతకు రావడానికి దాదాపు నాలుగు నెలలు పడుతుందని ఆ సందర్భంలోనే చెప్పవచ్చు. రెండోసారి ఆడేటప్పుడు ఒక వేషాన్ని తీసేసి, "ఈరోజు కూలీ రాలేదు, ఇప్పుడెలా?" అనండి. ఆట అక్కడికక్కడే ఆగిపోతుంది. ఎంత చెప్పినా అర్థం కాని విషయం ఆ నిమిషంలో బిడ్డకు అర్థమవుతుంది.

బిడ్డ వడ్డించిన ఉత్తుత్తి అన్నాన్ని మీరు తృప్తిగా తిని, "కడుపు నిండిందమ్మా, చల్లగా ఉండు" అనడం మరవకండి. మన ఇళ్ళలో ధన్యవాదం ఎక్కువగా ఇలాంటి మాటల్లోనే పలుకుతుంది, పిల్లలు దాన్ని వింటూనే నేర్చుకుంటారు. భోజనం దగ్గర మాత్రం "తిండి లేనివాళ్ళు ఎందరున్నారో తెలుసా" అని దెప్పకండి. దానివల్ల బిడ్డలో తప్పు చేశానన్న బెంగ పుడుతుందే తప్ప కృతజ్ఞత పుట్టదు.

ఒలిచిన ఆ పది గింజలను పారేయకుండా, ఆ పూట బియ్యం కడిగే గిన్నెలో బిడ్డ చేతనే వేయించండి.