దాళ్వా లోడ్లు మొదలయ్యేలోగా పికప్ వేడి సంగతి చూసుకోండి

దాళ్వా (రబీ వరి) కోతలు మొదలయ్యాయంటే మన గోదావరి డెల్టాలో పికప్‌లకి ఖాళీ ఉండదు. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయ, ఐసు వేసిన రొయ్యల ట్రేలు, ఏదైతేనేం, మోయాల్సిన దానికన్నా ఎక్కువే ఎక్కిస్తాం, కాదని అబద్ధమెందుకు. అక్కడి నుంచి రోహిణి కార్తె దాటేదాకా ఇంజినుకీ గేర్‌బాక్సుకీ గడ్డుకాలమే.

ముందు నా సంగతి చెప్తాను. ఒక మే నెలలో అంబాజీపేటలో కాయ ఎక్కించుకుని, కొత్తపేట మీదుగా రావులపాలెం వచ్చి గౌతమి వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది, నాకు టెన్షన్, ఇంతలో అదే జర్రున కిందికి దిగిపోయింది. హమ్మయ్య అనుకుని ఏసీ కూడా వేశాను చూడండి, నా తెలివి! కింది హోస్ పైపు చిరిగి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. ఆ సెన్సార్ కొలిచేది ఇంజిన్ ఇనుముని కాదండీ, దాని చుట్టూ తిరిగే నీటిని. నీళ్లు పోయి సెన్సార్ గాల్లో మిగిలితే ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు చల్లగానే ఉందని చెప్పొచ్చు. ఇంజిన్ పైభాగం, అదే హెడ్, దించాల్సొచ్చింది. అందుకే ముల్లు పైకెళ్తే ఎంత భయపడతారో, ఉన్నట్టుండి పడిపోయినా అంతే భయపడండి.

ముల్లు మధ్యలో ఉంది కదా అని ధీమా కూడా వద్దు. చాలా బండ్లలో నీళ్లు 80 డిగ్రీలున్నా 100 దగ్గరున్నా ముల్లు నడిమధ్యే నిలబడేలా పెడతారు, కదిలేసరికే ఆలస్యం. ఓబీడీ పోర్టు (ఇంజిన్ కంప్యూటర్ అంకెలు చదివే సాకెట్) ఉన్న బండైతే బ్లూటూత్ స్కానర్ ఒకటి కొని ఫోన్‌లో అంకె చూసుకోండి, పెద్ద ఖర్చేం కాదు. మామూలుగా 85 నుంచి 95 మధ్య ఆడుతుంది. 100 దాటితే కన్నేసి ఉంచాలి, 105 దగ్గర ఏసీ కట్టేసి వేగం తగ్గించాలి, 110 అంటే పక్కకి ఆపడమే. అసలు పని ఏంటంటే, ఇప్పుడు బండి బాగున్నప్పుడే ఖాళీగా ఎంత, లోడుతో హైవే మీద ఎంత, గట్టు రోడ్డు మీద రెండో గేర్లో ఎంత అని రాసి పెట్టుకోవడం. రేపు అదే దారిలో అదే లోడుకి ఆరేడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఎక్కడో ఏదో మొదలైందని అర్థం.

మన దగ్గర ఆ ఏదో, సగం సార్లు చెత్తే. నూర్పిడి దూగర, గడ్డి నలుసులు, కొబ్బరి పీచు పోయి ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దట్టంగా కూర్చుంటాయి, ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు పైపుతో నీళ్లు కొట్టండి. ప్రెజర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి. గ్రిల్లుకి అడ్డంగా కట్టిన ఫ్లెక్సీలు, పూలదండలు కూడా తీసేయండి, దేవుడేం అనుకోడు.

తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, రేడియేటర్‌లో పోస్తే లోపల తుప్పు, గార. కలిపి అమ్మే కూలెంట్ పోయండి. రేడియేటర్ మూత రబ్బరు కూడా చూడండి. మూత బిగువుంటే నీళ్లు 115 పైన గానీ మరగవు, పోతే 100 దగ్గరే మరుగుతాయి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు (రేడియేటర్‌కి నీళ్లు వదిలే వాల్వు) పీకించేయొద్దు, చెడితే కొత్తది వేయించండి.

గేర్‌బాక్సు సంగతికొస్తే, మాన్యువల్ బండికి సాధారణంగా మీటరు ఉండదు. వేడి కొలిచే గన్ పెట్టి గేర్‌బాక్సు, క్రౌన్ హౌసింగ్ (వెనక ఇరుసు మధ్యలోని గేర్ల గుండు) చూసుకోవచ్చు, కాకపోతే మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది, చిన్న నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. ఇక్కడా మీ బండి మామూలు అంకెతోనే పోల్చుకోవాలి. ఎక్కువైతే ఆయిల్ తగ్గిందేమో, సీలు కారుతోందేమో, బ్రీదర్‌లో (లోపలి గాలి బయటికి పోయే చిన్న గొట్టంలో) బురద ఉందేమో చూడండి. వానల్లో నీళ్లలో దిగిన బండైతే ఆయిల్ పాలలా మారిందేమో కూడా. ఆటోమేటిక్ ఉన్నవాళ్లు మాత్రం ఆయిల్ వేడి 110 దాటనివ్వకండి, మాడు వాసన వస్తే మార్చేయండి. రేవులో పంటు ఎక్కే ర్యాంపు మీద లోడుతో సగం క్లచ్చి తొక్కి నిలబెట్టే అలవాటుంటే, గేర్‌బాక్సు కంటే ముందు క్లచ్చి ప్లేటు పోతుంది.

దారిలో వేడెక్కిందా, ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెట్టండి, చెమటలు పడతాయి గానీ ఇంజిన్ వేడి కొంత లాగుతుంది. నీళ్లు ఉన్నాయని తెలిస్తే నిలబెట్టి ఐడిల్‌లో తిప్పండి. ఆవిరి వస్తున్నా, నీళ్లు కారుతున్నా, ఆయిల్ లైటు వెలిగినా వెంటనే ఆపేయండి. అరగంట దాకా మూత ముట్టుకోవద్దు, కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తారు, పక్కనే కాలువుంది కదా అంటే బురదే దొరుకుతుంది, సీటు వెనకాల 5 లీటర్ల కూలెంట్ డబ్బా, ఒక హోస్ క్లిప్పు, స్క్రూడ్రైవరు పెట్టుకోండి.