మ్యాజిక్‌లో ఏ కార్డు ఎప్పుడు స్పెల్: నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో మా బ్యాచ్ ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే కార్డుల ఆట ఆడితే ఒకటే గొడవ: క్రీచర్ (మన తరఫున పోరాడే జీవి) కార్డు స్పెల్లా (మంత్రమా), కాదా? కార్డుల మీది రాత చదివాం, వీడియోలు చూశాం, చివరికి గొంతు పెద్దదున్నవాడే నెగ్గేవాడు.

పనిచేసింది ఇదీ. బల్ల మధ్యలో ఖాళీ ప్లేటు పెట్టి, అదే స్టాక్ (వేసిన కార్డు ఫలించే ముందు ఆగే చోటు) అనుకున్నాం. మానా (ఆటలో ఖర్చుపెట్టే శక్తి) కట్టి క్యాస్ట్ చేసిన, అంటే ప్రయోగించిన, కార్డు ముందు ప్లేటులోకి. అందులో ఉన్నంతసేపే అది స్పెల్, క్రీచరైనా సరే. కౌంటర్‌స్పెల్ (ఇంకొకరి స్పెల్‌ను రద్దు చేసే కార్డు) వేసేవాళ్లు అప్పుడే వేయాలి. ఎవరూ అడ్డుపడకపోతే క్రీచర్ బల్ల మీదికి దిగుతుంది, ఇక అది పర్మనెంట్, అంటే బల్ల మీద నిలిచి ఉండే కార్డు. ల్యాండ్ (మానా ఇచ్చే కార్డు) మాత్రం ప్లేటు ముట్టుకోదు, నేరుగా దిగుతుంది. చేతిలోవీ గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప)లోవీ ఉత్త కార్డులే. యాక్టివేట్ చేసే ఎబిలిటీలు (కార్డు మీద రాసున్న, మనం వాడుకునే పనులు), మానా ఇచ్చేవి తప్ప, స్టాక్‌ మీదికొస్తాయి గానీ స్పెల్స్ కావు, వాటికి ప్లేటులో చింతపిక్క వేస్తాం.

అన్ని ఆటలకీ ఇది పనికొస్తుందనుకోను. యు-గి-ఓ అనే ఇంకో కార్డుల ఆటలో స్పెల్ అంటే కార్డు రకమే, మాన్‌స్టర్ అందులోకి రాదు.