కోతిని చూసి రాసుకోవడం ఎలా

మీ బ్లడ్ గ్రూపు కార్డు మీద 'ఓ పాజిటివ్' అని ఉందనుకోండి. ఆ 'పాజిటివ్' వెనక ఒక కోతి ఉంది. మన ఎర్రరక్తకణాల మీద ఆర్‌హెచ్ అనే పదార్థం ఉంటే పాజిటివ్, లేకపోతే నెగెటివ్. 1940లో లాండ్‌స్టీనర్, వీనర్ అనే శాస్త్రవేత్తలు ఆ సంగతి కనిపెట్టింది రీసస్ (Rhesus) కోతి ఎర్రరక్తకణాలతోనే. ఆర్‌హెచ్ అన్న పేరు అక్కడిదే. పోలియో టీకా వైరస్‌ను పెంచింది కోతి మూత్రపిండాల కణాల్లో. 2020లో మన కోవాగ్జిన్‌ను 20 రీసస్ కోతుల మీద కూడా పరీక్షించారు. ఇంత రుణపడ్డ జంతువును కట్టెతో తరుముతామే గాని, పది నిమిషాలు నిలబడి చూడం. నాకు బాధ కలిగేది అక్కడే.

నేను అచ్చంపేటలో జువాలజీ చెప్తాను. కోతుల మీద ప్రాజెక్టుకు బోనూ వద్దు, సూదీ వద్దు. నోటుబుక్కు, గడియారం తీసుకుని పొద్దున ఏడింటికి ఉమామహేశ్వరం గుట్టకు రండి.

ముందు ఏ కోతో తేల్చుకోండి. నడినెత్తిన వెంట్రుకలు టోపీ పెట్టినట్టు చుట్టూ పడి, తోక ఒంటికన్నా పొడుగుంటే బానెట్, మన దక్షిణాది కోతి. తోక జానెడే ఉండి, నడుము కింద ఎర్రగా ఉంటే రీసస్. ఒకప్పుడు గోదావరి అవతలుండే రీసస్ ఇప్పుడు దక్షిణానికి దిగుతోంది. అందుకే ఊరు, తేదీ తప్పక రాయండి. నల్లమొహానిది కొండముచ్చు, దాన్ని వేరే పేజీలో రాయండి.

తర్వాత ఒక్క కోతినే ఎంచుకుని పది నిమిషాలు చూడండి. కెన్యాలో బబూన్ కోతులను చూసిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఈ పద్ధతిని వివరించింది. గుంపునంతా చూస్తే కన్ను కొట్లాట దిక్కే పోతుంది, పేన్లు చూసుకుంటూ కూర్చున్నది లెక్కలోకే రాదు. నా పుస్తకంలో ఒక పేజీ:

7.10. కుడిచెవి చిరిగిన ఆడకోతి, బండ మీద.
7.11. ఇంకో ఆడది వచ్చి పక్కన పడుకుని చెయ్యెత్తింది.
7.12. చిరిగిన చెవిది దాని చంకలో వెంట్రుకలు విడదీసి, ఏదో గిల్లి నోట్లో వేసుకుంది.
7.16. పిల్ల వచ్చి చిరిగిన చెవిదాని పాలు తాగుతోంది. చేతులు ఆగలేదు.
7.19. స్కూటర్ చప్పుడు. మూడూ చింతచెట్టెక్కాయి.

'ప్రేమగా', 'కోపంగా' అని రాయకండి, కనబడిందే రాయండి. రీసస్ చప్పుడు లేకుండా పళ్లు చూపితే నవ్వు కాదు, చాలాసార్లు లొంగుబాటు. నోరు తెరిచి కళ్లార్పకుండా చూస్తే బెదిరింపు. మీరూ దాని కళ్లలోకి తేరిపార చూడకండి.

అరటిపండు ఇవ్వొద్దు. ఇస్తే మీరు రాసేది పండు కోసం జరిగిన పెనుగులాట గురించే. దగ్గు, జ్వరం ఉంటే రావొద్దు, క్షయ, తట్టు మన నుంచి వాటికి అంటుకోగలవు. కరిచినా గీరినా సబ్బుతో పావుగంట కడిగి, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

ఏ కోతిని చూడాలో చీటీ తీసి తేల్చుకోండి. లేకపోతే ముద్దుగా ఉన్న తల్లీపిల్లల దగ్గరే ఆగిపోతారు. ఒకరోజు ఉదయం వస్తే, మరోరోజు సాయంత్రం రండి.