పాత డీజిల్ పికప్ మొరాయిస్తే ముందు పంపు విప్పకండి

పాత డీజిల్ పికప్ పొద్దున్నే స్టార్ట్ కాకపోయినా, లోడు వేశాక లాగకపోయినా అనుమానం ముందు డీజిల్‌ను ఒత్తిడితో పంపే పంపు మీదకో, దాన్ని సిలిండర్లలోకి చిమ్మే నాజిళ్ల మీదకో పోతుంది. రెండూ ఖరీదైన పనులే. పైగా పంపు దించితే టైమింగ్ (డీజిల్ చిమ్మే సమయం) మళ్లీ కట్టాలి. లోపం మాత్రం చాలాసార్లు ట్యాంకుకీ పంపుకీ మధ్యే ఉంటుంది: బిరుసెక్కిన రబ్బరు పైపు, వదులైన క్లిప్పు, మూసుకుపోయిన ఫిల్టర్. ఇక్కడ చెప్పేదంతా మెకానికల్ పంపు ఉన్న ఇంజిన్ల గురించే. కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ బండిలో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది కాబట్టి నాజిల్ పైపుల నట్లు వదులు చేసి చూసే పద్ధతి దానికి అస్సలు పనికిరాదు.

మొదట పొగ చూడండి. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు సైలెన్సర్ దగ్గర నిలబడాలి. తెల్లపొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్లలోకి చేరుతోంది కానీ మండటం లేదు. అప్పుడు చూడాల్సినవి హీటర్ ప్లగ్గులు (స్టార్టింగ్‌లో సిలిండర్‌ను వేడి చేసేవి), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు), టైమింగ్. పొగే లేదంటే డీజిల్ అందడం లేదన్నమాట. పంపు మీద స్టాప్ సోలినాయిడ్ (కరెంటుతో డీజిల్ దారి తెరిచే వాల్వు) ఉంటే, తాళం తిప్పగానే 'టక్'మనాలి. అనకపోతే దాని వైరుకు 12 వోల్టులు వస్తున్నాయో లేదో టెస్ట్ ల్యాంపుతో చూడండి. ఊడిన వైరు కోసం పంపు దించిన బండ్లు తక్కువేం కాదు.

కరెంటు సరిగానే ఉంటే క్యాన్ పరీక్ష చేయండి. 5 లీటర్ల శుభ్రమైన క్యాన్‌లో సగం వరకు కొత్త డీజిల్ పోసి, పంపు కన్నా ఎత్తులో, వేడి మ్యానిఫోల్డుకీ ఫ్యానుకీ దూరంగా కదలకుండా కట్టాలి. పంపులోకి వెళ్లే పైపునీ, మిగిలిన డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ పైపునీ రెండింటినీ ఆ క్యాన్‌లోనే పెట్టి, పైపుల్లో చిక్కిన ఎయిర్ తీసి (ఎలాగో కింద ఉంది) స్టార్ట్ చేయండి. ఇంజిన్ సాఫీగా నడిస్తే పంపు, నాజిళ్లు బాగున్నట్టే, లోపం ట్యాంకు వైపు ఉంది. ఒక జాగ్రత్త: రోటరీ పంపుల్లో రిటర్న్ బోల్టుకు లోపల సన్నని రంధ్రం ఉంటుంది, తల మీద 'ఔట్' అని ఉంటుంది. దాన్ని పొరపాటున ఇన్‌లెట్‌లో బిగిస్తే డీజిల్ చాలక కొత్త జబ్బు మొదలవుతుంది.

ట్యాంకు వైపు అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ఎయిర్. పీల్చే పైపు పగిలితే డీజిల్ బయటికి కారదు, చిల్లుపడ్డ స్ట్రాలా గాలి లోపలికి లాక్కుంటుంది. అందుకే తడి కోసం వెతికితే ఏమీ దొరకదు. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య ఒక జానెడు పారదర్శకమైన పైపు వేసి ఇంజిన్ నడపండి. మొదట్లో నాలుగు బుడగలు వచ్చి పోతే పట్టించుకోనక్కర్లేదు. ఐదు నిమిషాలయ్యాక కూడా వరుసగా వస్తుంటే అదే పైపును ఫిల్టర్‌కి ముందుకు మార్చండి. అక్కడా బుడగలుంటే లోపం ట్యాంకు నుంచి వచ్చే లైనులో ఉంది. అక్కడ లేకపోతే ఫిల్టర్ సీలు, హ్యాండ్ పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర), లేదా బ్యాంజో బోల్టు (డీజిల్ లోపలి నుంచి పారే బోలు బోల్టు) వాషర్లు. రబ్బరు చివర బిరుసెక్కితే రెండు సెంటీమీటర్లు కోసి మళ్లీ ఎక్కించవచ్చు కానీ, పైపు పొడవునా బీటలుంటే మార్చేయడమే మేలు. వాషర్లు మాత్రం విప్పిన ప్రతిసారీ కొత్తవే వేయాలి.

పొద్దున పూట మాత్రమే మొరాయించే బండికి ఇంకో తేలికైన పరీక్ష ఉంది. రాత్రి పల్లంలో, ముందు భాగం కిందికి ఉండేలా నిలపండి. ట్యాంకు ఎత్తులో ఉంటే డీజిల్ వెనక్కి జారదు. అలా నిలిపిన రోజు మాత్రం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే ఎయిర్ లీకు ఉన్నట్టే. నాజిళ్ల మధ్య ఉండే సన్నని రిటర్న్ పైపులను కూడా అప్పుడు చూడండి.

ఎయిర్ తీయాలంటే ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి, నురగ పోయి డీజిల్ మాత్రమే వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి బిగించండి. తర్వాత నాజిల్ నట్లను అర చుట్టు వదిలి సెల్ఫ్ కొడితే డీజిల్ చిమ్ముతుంది, వెంటనే బిగించేయాలి. ఒకసారికి 10 సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టవద్దు, మధ్యలో నిమిషం ఆపండి.

బండి స్టార్ట్ అయ్యి, అరగంట నడిచాక లాగడం మానేస్తే ట్యాంకు మూత తీసి చూడండి. 'స్‌స్' అని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. మూతతో సంబంధం లేకపోతే ఫిల్టర్, ట్యాంకులోని జాలీ. ఫిల్టర్ అడుగున డ్రెయిన్ తిప్పి గాజు సీసాలో పట్టి పావుగంట కదపకుండా ఉంచితే నీళ్లు అడుగుకు దిగి గీత స్పష్టంగా కనిపిస్తుంది. నల్లపొగకు మొదట ఎయిర్ ఫిల్టర్ చూడండి, డీజిల్ సంగతి తర్వాత.

ఇవన్నీ బాగుండి ఇంజిన్ మిస్ కొడుతుంటే అప్పుడు నాజిళ్లు. ఐడిల్‌లో ఒక్కో నాజిల్ నట్టును గుడ్డ చుట్టి కొద్దిగా వదలండి. ఇంజిన్ శబ్దం మారితే ఆ సిలిండర్ పనిచేస్తోంది. ఏ నట్టు వదిలినప్పుడు తేడా రాదో లోపం ఆ సిలిండర్‌లోనే, అయితే నాజిలా కంప్రెషనా అన్నది టెస్టర్ మీదే తేలాలి. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. చిమ్మే డీజిల్‌కి చెయ్యి అడ్డం పెడితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం అది.

బానెట్ మూసే ముందు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిల్ పలచబడి, మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు డయాఫ్రమ్ గానీ, పంపు షాఫ్ట్ సీలు గానీ పోయింది. అది మార్చి ఆయిల్ కొత్తది పోసేదాకా ఇంజిన్ నడపకూడదు.