ఇంటికి కార్బన్ లెక్క - 3వ పాఠం: ఏ టన్ను ఎవరి ఖాతాలో?

కిందటి పాఠంలో హనుమకొండ ఇంటి స్లాబ్ దగ్గర ఆగాం. 100 చదరపు మీటర్లు, మందం 125 మిల్లీమీటర్లు, అంటే 12.5 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఘనపు మీటరుకు 8 బస్తాల చొప్పున 100 బస్తాలు, 5 టన్నుల సిమెంటు. ఓపీసీ (బూడిద కలపని మామూలు సిమెంటు) కిలోకు సుమారు 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే 4.5 టన్నులు.

ఇప్పుడు వీటిని పంచాలి. తప్పంతా ఫ్యాక్టరీదే అనేస్తే లెక్క ముందుకు కదలదు. సున్నపురాయిని కాలిస్తే రాయిలోంచే ఆ వాయువు వస్తుంది, బట్టీలో ఏ ఇంధనం వేసినా. అందుకే మన పద్ధతి ఇది: ఎవరు నిర్ణయం మార్చుకుంటే టన్ను తగ్గుతుందో, వాళ్ల ఖాతాలో రాయండి. ఇద్దరైతే ఇద్దరి పేరూ. బ్రిటన్‌లో 2016లో వచ్చిన పాస్ 2080 అనే కార్బన్ తగ్గింపు ప్రమాణం కూడా యజమాని, డిజైనర్, కాంట్రాక్టర్, సరుకు అమ్మేవాళ్లు అందరికీ తలా ఒక పని అప్పగిస్తుంది.

మందం ఇంజనీరు ఖాతా. "ఎందుకైనా మంచిది" అని 150 వేస్తే 20 బస్తాలు, 900 కిలోలు అదనం. పట్టుబట్టింది ఇంటాయనే అయితే (మన దగ్గర మామూలే) ఆయన పేరూ రాయండి.

అసలు పేచీ సిమెంటు రకం దగ్గర. పీపీసీ అంటే బూడిద కలిపిన సిమెంటు, అందులో 15 నుంచి 35 శాతం దాకా బూడిద ఉంటుంది. రామగుండం, భూపాలపల్లి కరెంటు ప్లాంట్లలో మిగిలేది అలాంటి బూడిదే. 30 శాతం ఉందనుకుంటే మన స్లాబ్‌లో దాదాపు 1.3 టన్నులు తగ్గుతాయి. మేస్త్రి మాత్రం ఒప్పుకోడు. పీపీసీ నెమ్మదిగా బలం పుంజుకుంటుంది, సెంట్రింగ్ విప్పడం ఆలస్యమవుతుంది, పలకల కిరాయి ఆయన నెత్తిన పడుతుంది. ఆయన టెన్షన్ న్యాయమైనదే. ఆ అదనపు కిరాయి ఎవరిదో ముందే ఒప్పందంలో రాయండి. ఇక కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ఎండలు మండే చోట ఇలాంటి సిమెంటుకు 14 రోజులు తడపమని సిఫారసు చేస్తుంది. ఓరుగల్లు మే నెలలో స్లాబ్ మీద మళ్లు కట్టి నీళ్లు నిలిపేది చాలాచోట్ల ఇంటివాళ్లే. కాబట్టి ఈ 1.3 టన్నులు మేస్త్రి, ఇంటివాళ్లు ఇద్దరివీ.

లారీ గురించి అందరూ గట్టిగా మాట్లాడతారు. రానూపోనూ 40 లీటర్ల డీజిల్ తాగినా, లీటరుకు 2.68 కిలోల చొప్పున 107 కిలోలే. సరఫరాదారు ఖాతాలో వేసి ముందుకు పోండి.

అభ్యాసం: మీ వీధిలో కడుతున్న ఇంటికి మూడు గళ్ల పట్టిక గీయండి: నిర్ణయం, కిలోలు, పేర్లు. పేరు లేని గడి ఉంటే ఖాళీగానే వదలండి. వచ్చే పాఠం సలాక మీద, తూకం చీటీ దగ్గర పెట్టుకోండి.